భుజముమీది కొయ్య

నర్సీపట్నము విడిచి, డౌనూరు దాటి, మైదానపు చెఱకుతోటలును జీడిమామిడి తోపులును ఒక్కొక్కటిగా వెనుకబడిన పిమ్మట, దారి కొండను చుట్టుకొనుచు మీదికెక్క నారంభించును. ఒకవంక నిలువున లేచిన కొండచరియ, ఒకవంక వెదురుపొదల సందున అప్పుడప్పుడు మాత్రమే కనబడు లోయ, మలుపు మలుపునకు చల్లబడుచున్న గాలి; ఇట్లు సుమారు 30 కిలోమీటర్లు సాగి, సముద్రమట్టమునకు ఇంచుమించు 1000 మీటర్ల యెత్తున ఆ దారి లంబసింగి చేరును. శీతకాలపు రాత్రులలో ఉష్ణమానము సున్నాకు చేరువగుటచేత ఆంధ్ర కాశ్మీరమను బిరుదు ఈ చిన్న గ్రామమునకు దక్కినది. 2022లో విశాఖపట్టణము జిల్లా నుండి వేఱుపడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలమునకు చెందిన ఊరిది. డిసెంబరు, జనవరి మాసములలో మంచు చూడవచ్చు జనముతో ఈ ఘాటు కిటకిటలాడును. క్రిస్మసు దినములు సమీపించుచుండగా నేనును ఆ జనములో నొకడనై యెక్కితిని. కాని నా మనస్సు మంచుమీద కంటె, చక్రముల క్రింద జాఱిపోవుచున్న ఆ దారిమీదనే యెక్కువగా నిలిచినది.

ఏలయన ఈ దారి సులభముగా పుట్టినది కాదు. 1922 నాటి మన్యపు పితూరీకి ముందు సంవత్సరములలో గూడెము డిప్యూటీ తహశీల్దారుగా నుండిన బాస్టియన్ అనునతడు, నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటురోడ్డు వేయించుటకై కొండజనమును వెట్టికి పట్టెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పిమ్మట పోడు వ్యవసాయము నేరమై, తాతలనాటి కొండవాలు తమది కాకుండ పోయి, ఆకలికి చిక్కియున్న ఆ జనముచేత రాళ్లు కొట్టించి, మన్ను మోయించి, న్యాయమైన కూలి చేతబెట్టకుండ వేయించిన త్రోవ ఇది. గాము గంటందొర, గాము మల్లుదొర సోదరులు పితూరీ నాయకుడైన అల్లూరి సీతారామరాజు పక్షమున చేరుటకు ఆ బాస్టియను పెట్టిన బాధలు ముఖ్యకారణములలో నొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను ముట్టడిలో తుపాకు లెత్తుకొనిపోయిన భుజములలో, ఈ రోడ్డు రాళ్లు మోసినవి కొన్నియైన నుండకపోవు. గంటందొర 1924లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. మల్లుదొర అండమాను శిక్ష ననుభవించి వచ్చి, స్వతంత్ర భారతమున 1952 ఎన్నికలలో లోకసభకు ఎన్నికయ్యెను. వారి పేర్లు చరిత్రకెక్కినవి. ఎండలో వానలో రాయెత్తిన తక్కిన కూలీల పేర్లు మాత్రము దారిప్రక్కనున్న ఏ మైలురాతిమీదను నాకు కనబడలేదు.

ఆ మలుపులలో నాకు పదేపదే స్మరణకు వచ్చినవాడు కురేనీయుడైన సీమోను. నేటి లిబియాలోనున్న కురేనే నుండి యెరూషలేమునకు వచ్చినవాడతడు. పొలమునుండి ఊరిలోనికి నడచిపోవుచుండగా, తనకే సంబంధమును లేని యొక శిక్షాయాత్ర ఎదురై, రోమను సైనికులు అతనిని పట్టి, అడుగు తీసి అడుగు వేయలేకున్న యేసు సిలువను అతని భుజమున మోపిరి. అదియు వెట్టియే. కూలి లేదు, సమ్మతి లేదు, తప్పించుకొను దారి లేదు. మార్కు సువార్త ఇతనిని అలెక్సంద్రు, రూఫు అనువారి తండ్రియని పరిచయము చేయుచున్నది. ఆ పేర్లు చదువరులకు తెలిసినవే యన్నట్లు, వేఱు వివరణ లేకుండ. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖ చివర వందనములు చెప్పిన వారిలో నొక రూఫు కలడు. వారిద్దఱు నొక్కరే యని తేల్చి చెప్పుట కవకాశము లేకున్నను, నాడు బలవంతముగా బరువు మోసినవాని యింట ఆ పిమ్మట ఆ బరువు మఱపునకు రాలేదని మాత్రము సంఘము తరతరములుగా నమ్మినది.

ఈ కథయందు నన్ను కట్టి నిలుపునది ఒక్కటే. సైనికుని దౌర్జన్యము తుదివఱకు దౌర్జన్యముగానే మిగిలినది. అది మంచిదని పొగడిన మాట సువార్తలలో నెచటను లేదు. అయినను, ఆ కొయ్య క్రింద వంగిన మనుష్యుడు తన ముందు అదే కొయ్యకు గాయపడిన భుజమొకటి తడబడుచు నడచుట చూచినాడు. క్రైస్తవ విశ్వాసము దుఃఖమునకు చెప్పిన అర్థమంతయు ఆ కొన్ని గజముల దూరముననే యున్నదని నా నమ్మకము. భారము ఏల వచ్చినదను ప్రశ్నకు ఉత్తరమచట లేదు. భారము క్రింద దేవుడు తోడుగా నున్నాడను దర్శన మున్నది. ఇచటనే మఱియొక సంగతి దాచకుండ చెప్పవలెను. లంబసింగి రోడ్డు వేయించిన ప్రభుత్వము క్రైస్తవుడైన రాజు పేరిట సాగినది. సిలువను కిరీటముపై నిలిపికొన్న ఆ రాజ్యము, ఈ కొండదారిలో సీమోను పక్షమున కాక, అతనిని పట్టిన సైనికుల పక్షముననే నిలిచినది.

ఈ కథను తెనిగించిన చోట్లలో నొకటి ఈ కొండల దిగువనున్న విశాఖపట్టణము. లండను మిషనరీ సంఘము వారైన జార్జి క్రాను, అగస్టసు డెస్ గ్రాంజెసు 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరను తెలుగు విశ్వాసి సాయముతో సువార్తలను తెనిగించుటకు పూనుకొనిరి. క్రాను 1809లోను, డెస్ గ్రాంజెసు 1810లోను మరణించిరి. వారు శ్రమించిన సువార్తలు అచ్చుపడినది వారు పోయిన తరువాతనే. తాము చూడని పుస్తకము కొఱకు ప్రాణములర్పించిన యా ఇరువురి ముచ్చట యెత్తినప్పుడు, విశాఖలో ఓడలు చూచుచు నిలిచిన నా కన్నులు చెమ్మగిల్లెనని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

లంబసింగి తెల్లవారుజాము గుఱించి ఎందఱో వ్రాసిరి గనుక నేను విస్తరింపను. మూరెడు దూరముననున్న మనుష్యుని కంఠము వినబడునే కాని రూపు కనబడదు. దారిప్రక్క నెగళ్లచుట్టు పట్టణపు యువకులు చేతులు కాచుకొనుచుందురు. టీకొట్టువాడు మంచులోనుండి గ్లాసు చాచును. ఎండ పొడచూపిన పిమ్మట, సిల్వర్ ఓక్ మ్రాకులకు చుట్టుకొన్న మిరియపు తీగెలును, వాని నీడను ఎఱ్ఱబాఱిన కాఫీపండ్లును, నడుమునకు గంపలు కట్టుకొని వానిని కోయు స్త్రీలును కానవత్తురు. చూడవచ్చినవారు ఫొటోలు తీసికొని తాజంగి జలాశయమువైపు సాగిపోవుదురు. కోయువారి వ్రేళ్లు ఆ చలికి పగిలియుండును; ఆ పగుళ్లలో కాఫీపండు రసము దిగి నల్లని గీతలు కట్టును.

నేను బసచేసిన యింటివారి బంధువైన యువకుడొకడు, వారమంతయు కాఫీతోటలో పని చేయుచు, ఆదివారము ప్రార్థన మందిరమున డోలకు వాయించువాడు, “మా గూడెం వొత్తారా సార్? బండి సగందాకే ఎల్తాది” అని పిలిచెను. జీపు ఆగినచోట దిగి, గెడ్డ దాటి, రాళ్లెగుడు త్రోవను చాలసేపు ఎక్కితిమి. వేసవిలో మోకాలిలోతు లేని ఆ గెడ్డ, వానకాలమున మనుష్యుని మ్రింగునంత పెరుగునని అతడు త్రోవలో చెప్పెను. ఎఱ్ఱమట్టితో అలికిన గోడలు, రేకులు పఱచిన కప్పులు, అరుగులమీద ఎండబోసిన రాజ్మా గింజలు. కొన్ని యిండ్లే యున్న ఊరు. మేము పోయిన యింటి చూరు క్రింద, రెండు కొక్కెములమీద అడ్డముగా పెట్టిన పొడుగాటి కఱ్ఱయొకటి నా కంటబడెను. దాని నడుమ త్రాళ్లు ఒరసికొని గాడిపడియున్నది. రెండు కొనలు మాత్రము చేతితో చెక్కి నూనె రాచినట్లు నున్నగా మెఱయుచున్నవి.

“అది డోలీ కర్ర సార్” అని యా యువకుడు చెప్పెను. రోడ్డు లేని గూడెములలో ఎవరికైన జబ్బుచేసినను, నొప్పులు పట్టినను, ఆ కఱ్ఱకు దుప్పటి గాని తట్ట గాని కట్టి, అందు రోగిని పడుకొనబెట్టి, అంబులెన్సు రాగలిగిన చోటివఱకు మోసికొనిపోవలెను. ఇద్దఱు మోయుచుండగా ఇద్దఱు ప్రక్కనే నడచుచు, మోయువారు అలసిన క్షణమున కఱ్ఱను నేల దింపకుండగనే భుజము మార్చుకొందురు. దిగుడున ముందువాడు కఱ్ఱను రెండుచేతుల పైకెత్తి పట్టును, వెనుకవాడు మోకాళ్లు వంచి నడచును. అట్లు కానిచో రోగి ముందునకు జాఱును. ఎగుడున దీనికి తలక్రిందులు. తన చొక్కా మెడ ప్రక్కకు లాగి అతడు భుజము చూపెను. మెడకును భుజమునకును నడుమ ఒక కాయ, తోలువలె గట్టిపడి, చుట్టునున్న చర్మముకంటె నల్లగా నున్నది. దానిని గుఱించి అతడు గర్వింపను లేదు, వాపోవను లేదు. వయసు వచ్చిన మగవారికందఱికి అది యుండునని మాత్రము చెప్పెను.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చి, జనసమ్మర్దముచేత ద్వారము చొరలేక, ఇంటి కప్పు విప్పి మంచముతో గూడ క్రిందికి దించిన వృత్తాంతము నేను బాల్యమునుండి వినుచుంటిని. ఆ కఱ్ఱ చూచువఱకు నా దృష్టి యెల్లప్పుడు మంచముమీది రోగిమీదను, అతనిని లేపిన ప్రభువుమీదను మాత్రమే యుండెడిది. ఆ నలుగురి భుజములను నే నెన్నడును తలపోయలేదు. కాని సువార్తికుడు తలచినాడు. యేసు అచట చూచినది రోగి విశ్వాసమును కాదు, మోసినవారి విశ్వాసమును. చూచియే రోగితో మాటాడినాడు. మంచమున బడినవాడు తనకుగా ప్రార్థింపలేని దినమున ఇంకొకని విశ్వాసము అతనిని మోయగలదను ఈ యొక్క సంగతి, వ్యాధిచేత గాని శోకముచేత గాని నోరు పడిపోయిన వారికి ఎంత యూరటయో, అట్టి దినములు గడపినవారే యెఱుగుదురు.

ఆ యింటి ముసలమ్మ మమ్ము చూచి అరుగుమీద గోనె పఱచెను. “ఏటి బాబూ, సలికి ఒణికిపోతన్నారు. రండి, మంటకాడ కూసోండి” అనుచు, చోడి అంబలి గిన్నెతో తెచ్చి ముందుంచెను. ఆమె వెనుకనే చీర కొంగు పట్టుకొని బడియీడు పిల్లయొకతె. మాటలలో సంగతి తెలిసినది. ఆ పిల్ల తల్లి, అనగా ఈమె కోడలు, ఒక వానకాలమున నొప్పులు పడుచుండగా ఇదే కఱ్ఱకు కట్టిన డోలీలో బయలుదేరినది. గెడ్డ పొంగియుండుటచేత ఒడ్డున ఆగవలసివచ్చినది. నీరు తీయువఱకు వానలో, తాటాకు గొడుగుల క్రింద వారు నిలిచియుండగనే బిడ్డ పుట్టినది; తల్లి రక్తస్రావమాగక, ఆవలిగట్టు చేరకమునుపే పోయినది. ముందు భుజము పట్టినవాడు ఆమె భర్త, ఈ ముసలమ్మ కుమారుడు.

నేను మాటాడలేకపోతిని. ఆమెయే మాటాడెను. “మాటలు సెప్పినోళ్లు శానామంది వొచ్చారు బాబూ. దేవుడు తీసుకెల్లిపోయాడన్నారు. పరీచ్చ పెట్టాడన్నారు. మా వోళ్లు కొంతమంది పాత దేవతల్ని ఒగ్గేసినందుకే అన్నారు. అవతల గూడెం నుంచి ఒకావిడ వొచ్చేది. ఆవిడ ఏటీ సెప్పనేదు. తెల్లారగట్లే వొచ్చి, తిరగలికాడ కూసోని, సోళ్లు ఇసిరి, అంబలి కాసి, పిల్లకి ఒళ్లు తుడిసి ఎల్లిపోయేది. వానలు ఎలిసేదాకా వొచ్చింది.” కొంత తడవు ఊరకుండి, “నాను ప్రార్తన సేయనేకపోయినాను బాబూ. ఆవిడ తిరగలి సప్పుడే నాకు ప్రార్తన” అనెను. ఆ తిరగలి అచటనే, గుమ్మము ప్రక్కన నున్నది. పిడి చుట్టు చేయి పట్టిన చోట కొయ్య అరిగి సన్నబడియున్నది. పిండి మిగిలిన గాడిలో చీమలు ప్రాకుచున్నవి.

యోబు గ్రంథమున ఆయన మిత్రులు ముగ్గురు దూరదేశములనుండి వచ్చి, బిడ్డలను పోగొట్టుకొని, ఒడలెల్ల వ్రణములతో బూడిదలో కూర్చున్న ఆయనను చూచి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఆయన సరసన నేలమీద మాటలాడక కూర్చుండిరని యున్నది. ఆ యేడు దినములు వారివంటి స్నేహితులు లోకములో లేరు. ఆ పిమ్మట యోబు మొఱపెట్టగా వారును నోరు తెఱచిరి. తప్పు చేయనిదే శిక్ష రాదని, వెదకికొనుమని, ఒప్పుకొనుమని, గ్రంథమున చాలభాగము వారు వాదించిరి. వాదించిన కొలది యోబు గాయము పెద్దదైనది. తుదకు దేవుడు పలికినప్పుడు, తన్ను నిలదీసిన యోబు సరిగా మాటాడెననియు, తన పక్షమున వకాల్తా పుచ్చుకొన్న మిత్రులు సరిగా మాటాడలేదనియు తీర్పు చెప్పెను. విశ్వాసులమని చెప్పుకొను మనము ఈ తీర్పును తగినంతగా చదివికొనలేదని నాకు తోచును. శవము లేవకమునుపే దైవచిత్తమును వివరించుటకు సిద్ధపడు నాలుకలు మన సంఘములలో నెన్ని! ఆ తిరగలి త్రిప్పినామె అక్షరము నేర్చినదో లేదో నేనెఱుగను; కాని యోబు గ్రంథమును ఆమెవలె అర్థము చేసికొన్న ప్రసంగికులను నేను మిక్కిలి కొలదిమందినే చూచితిని.

పుట్టుగ్రుడ్డివానిని చూపి, వీడు పాపము చేసెనా వీని తలిదండ్రులు చేసిరా యని శిష్యులడిగినప్పుడు యేసు ఆ లెక్కనే త్రోసివేసెను. ఏ జన్మమున చేసిన పాపమో యని నిట్టూర్చు అలవాటు మన నేలమీద నున్నట్లే, ఏ తప్పునకో దేవుడు కొట్టినాడను మాట యూదుల నడుమను ఉండెడిది; క్రైస్తవుల నడుమను నేటికి నున్నది. కారణమును రోగి వెనుక వెదకుటకు ఆయన నిరాకరించి, ఇప్పుడు ఈతనియందు చేయవలసిన పనిమీదికి అందఱి చూపును మఱలించెను. ఆపై వంగి మన్ను తడిపి, ఆ కన్నులకు పూసెను. గెడ్డయొడ్డున పోయిన తల్లి విషయమున నైనను కారణము ఆకాశమున వెదకనక్కఱలేదు. వంతెన లేకపోవుటయే కారణము. దీనిని దైవచిత్తమనుట దేవునిమీద నింద మోపుటయే యగును.

కారణమును నేలమీదనే వెదకిన వైద్యుడొకడు ఇచట నాకు జ్ఞాపకము వచ్చును. తూర్పుకనుమలు దక్షిణమున తమిళదేశము వఱకు సాగి, అచట కొల్లిమలలుగా లేచును. ఆ కొండలలో జెస్సీ బ్రాండు, ఎవెలిను బ్రాండు దంపతులు గిరిజనులకు సేవ చేసిరి. 1929లో జెస్సీ మన్యపు జ్వరమున, నల్లమూత్రపు విషమస్థితిలో మరణించెను. ఎవెలిను అచటి పనిని విడువలేదు. సంఘమువారు వయసు మీఱినదని విశ్రాంతి నిచ్చిన పిమ్మటగూడ తనంత తానే మరల కొండలెక్కి, 95 యేండ్ల ప్రాయమున 1974లో కన్నుమూయువఱకు గూడెములు తిరిగెను. వారి కుమారుడు, 1914లో పుట్టి ఆ కొండబిడ్డలలో నొకడుగా పెరిగిన పాల్ బ్రాండు, 1946 నుండి వెల్లూరు ఆసుపత్రిలో శస్త్రవైద్యుడై, కుష్ఠరోగుల వ్రేళ్లు ఏల రాలిపోవుచున్నవను ప్రశ్న పట్టుకొనెను. రోగమే మాంసమును కుళ్లించునని అందఱు నమ్మిన కాలమది. ఆయన కనుగొన్నది వేఱు. వ్యాధి నరములను చంపును. నరము చచ్చిన చేతికి నొప్పి తెలియదు. నొప్పి తెలియని చేయి కాగిన కుండను పట్టుకొనును, గాయముతోనే పని చేయును, రాత్రి ఎలుక కొఱికినను మేలుకొనదు. చేతిని నాశము చేయుచున్నది నొప్పి లేకపోవుటయే. వెల్లూరు గడప త్రొక్కిన మన చిత్తూరు సీమ రోగు లెందఱో ఆ పరిశోధనవలన మరల చేయి ముడువగలిగిరి.

జీవితాంతము నొప్పిని ఒక వరముగా చెప్పిన యా వైద్యుని మాటను, నొప్పితో మెలితిరుగుచున్న వానికి నేరుగా చెప్పుటకు నా నోరు రాదు. కాని దానిని సంఘమనెడి దేహమునకు అన్వయించినప్పుడు నాకు దారి కనబడును. ఒక అవయవము బాధపడినచో అన్నియు బాధపడునని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఉపదేశము మాత్రమే కాదు, దేహము బ్రదికియున్నదో లేదో చూచు పరీక్ష. గెడ్డయొడ్డున రక్తమోడుచున్న తల్లి నొప్పి నర్సీపట్నమునకు, విశాఖకు, అమరావతికి తాకకున్నచో, స్పర్శ పోయినది మనకు. అవతలి గూడెపు స్త్రీకి మాత్రము స్పర్శ పోలేదు.

తెలంగాణమున డిచ్‌పల్లి కుష్ఠాశ్రమముకూడ అట్టి స్పర్శనుండి పుట్టినదే. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, నిజామాబాదు ప్రాంతమున ఏ ఆసుపత్రియు చేర్చుకొనని రోగులను చూచి తాళలేక ఆ పని నారంభింపగా, హిందువైన రాజా నర్సాగౌడు ధనమిచ్చి నిలిపెను. 1915లో వెలసిన ఆ ఆశ్రమమునకు ఆమె 1932లో మరణించువఱకు బ్రదుకు ధారపోసెను. ఒకరి విశ్వాసము, మఱియొకరి దయ, ఆ రోగి మంచమును చెరియొకవైపు పట్టినవి.

ఇంతకును దుఃఖమున విశ్వాసి నోరు మూసికొని యుండవలెనని ఎవరైన చెప్పినచో వారు కీర్తనల గ్రంథమును తెఱచి చూడలేదని యర్థము. అందు మూడింట నొకవంతునకు మించి మొఱలే. సిలువమీద యేసు పలికినది స్తోత్రము మాత్రమే కాదు. చేయి విడిచితివేమని తండ్రిని నిలదీసిన కేకయు నున్నది. మన భాషలో ఆ కేకను గుఱుతెఱిగిన కవి గుఱ్ఱము జాషువ. వినుకొండలో 1895లో పుట్టి, అంటరానితనపు అవమానములన్నిటిని దిగమ్రింగి, గబ్బిలము చేత కాశీ విశ్వనాథునికే విన్నపము పంపిన యాతడే, ముదిమిలో క్రీస్తు చరిత్రమును పద్యకావ్యముగా వ్రాసెను. దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. నాకు ఆ రెండు కావ్యములును ఒకే హృదయమునుండి వచ్చినవిగా తోచును. అన్యాయముమీద ఫిర్యాదు చేయలేనివాడు సిలువను చిత్రింపలేడు.

ఆదివారము ప్రార్థన ఆ గూడెపు మందిరముననే వింటిని. మందిరమనగా నాలుగు మట్టిగోడలు, రేకుల కప్పు, రంగుకాగితపు నక్షత్రమొకటి. పంతొమ్మిదవ శతాబ్దిలో సువార్త చాటిన పురుషోత్తమ చౌదరి రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నున్నవి. వానిలో నొకటి, క్రీస్తు శ్రమలను గూర్చినది, వారు తమ కొండయాసతో, డోలకు దెబ్బకు నెమ్మదిగా పాడిరి. క్రిస్మసు దినములలో శ్రమల పాట యేలయని నేనడుగలేదు. ముసలమ్మ కన్నులు మూసికొని పాడుచుండెను. ఆమె కుమారుడు ద్వారముకడ నిలిచి పాడలేదు. అతడు మందిరమునకు వచ్చును గాని పాడడని, భార్య పోయిన నాటినుండి అంతేయని, ఎవరును అతనిని పాడుమని అడుగరని యువకుడు నాతో మెల్లగా చెప్పెను. ఆ అడుగకపోవుటయందున్న మర్యాదకు నేను తల వంచితిని. పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు కనబడినప్పుడు గాయములు మాయలేదు. తోమాకు చేయి చాపి చూపినది ఆ గాయములనే. మహిమదేహముననే మానని మచ్చలుండగా, ఈ మనుష్యుని మౌనము ఇంత త్వరగా మానవలెనని కోరుట కెవరికి హక్కు?

ప్రార్థన ముగిసినపిమ్మట వారు ఇండ్లకు పోలేదు. పాఱలు, గునపములు, గంపలు పుచ్చుకొని గెడ్డవైపు దిగిరి. ఈ జిల్లాలో రోడ్డు కొఱకు ఎదురుచూచి విసిగిన గూడెములవారు తమంత తామే దారులు చదును చేసికొనుట పత్రికలలో చదివియుంటిని. ఇక్కడ ప్రతి ఆదివారము కొంత కొంతగా అది జరుగుచున్నది. పాత దేవతలను కొలుచు ఇండ్లవారును వచ్చిరి. గెడ్డకు మతభేదము లేదు గదా. ముందు గునపము పట్టినవాడు పాట పాడని యా కుమారుడే. ఒకరు త్రవ్వగా, ఇద్దఱు ఎత్తగా, స్త్రీలు వరుసగా నిలిచి గంపలందుకొనిరి. నేనును ఆ వరుసలో చేరితిని. నూఱేండ్లనాడు ఇదే కొండమీద కొరడా క్రింద మోయబడిన రాళ్లకును, ఈ రాళ్లకును బరువున భేదము లేదు. ఎవరికొఱకు ఎత్తుచున్నారో మోయువారికి తెలియుటయే భేదము.

మధ్యాహ్నమునకు గెడ్డ చెంతకు చేరితిమి. అచట దారికి అడ్డముగా ఒక నల్లబండ కలదు. మందు పెట్టిన గాని, యంత్రము వచ్చిన గాని కదలునది కాదు. మగవారు దానిచుట్టు తిరిగి చూచి వచ్చి కూర్చుండిరి. ముసలమ్మ నాచేతి సంచిలో కాగితములుండుట చూచి, “మీరు సదూకున్నోరు, అర్జీ రాయండి బాబూ” అనెను. ఆ బండమీదనే కూర్చుండి వ్రాసితిని: గూడెమున ఇండ్లెన్ని, జీపు ఆగు తావునుండి దూరమెంత, వానకాలమున గెడ్డ యెంత లోతు పాఱును, డోలీలో పోయిన వారెవరు. బండ పగులగొట్టించుటకు యంత్రము పంపవలెనని వ్రాసి చదివి వినిపింపగా, ఆమె కుమారుడు ఆ దినమున మొదటిసారి నోరు తెఱచి, బండ పోయినంత మాత్రమున చాలదు, కల్వర్టు కావలెనని వ్రాయుమనెను. “వానలకి ముందే అని రాయండి” అని ఆమె అందించెను. అదియు వ్రాసి, క్రింద సంతకములకును వ్రేలిముద్రలకును చోటు విడిచి, కాగితమును అతని చేతికిచ్చితిని.